భృతి అందుకున్నవాళ్లు లేరంటే పని లేనివాళ్లు లేరనా?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా పార్టీలకు నిరుద్యోగ భృతి గుర్తుకొస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయలు మొదలుపెట్టారు, 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. అదే 2018లో తెలంగాణలో 3,016 ఇస్తామన్నారు, అది మాటగానే మిగిలింది. 2023లో అక్కడ 4,000 అన్నారు, 2024లో ఇక్కడ 3,000 అన్నారు. సంతలో పొట్టేలు బేరం లాగా అంకె పెరుగుతూ పోతోంది.

ఇవన్నీ చదువుకున్న పిల్లలకు ఇస్తామన్న డబ్బులు. వాళ్లకూ ఇవ్వాల్సిందే. కానీ ఏ మేనిఫెస్టోలోనూ కనిపించకుండా 2005 నుంచీ చట్టంలోనే ఉన్న నిరుద్యోగ భృతి ఇంకొకటుంది. జాబ్‌కార్డు ఉన్న ప్రతి ఇంటికీ అది హక్కు. దాని సంగతి మన సంఘంలోనే చాలామందికి తెలియదు. మొన్నటి దాకా మాలో సగం మందికీ తెలియదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 7వ సెక్షన్ చెప్పింది ఇది. పని కావాలని అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి. చూపకపోతే ఆ ఏడాది మొదటి 30 రోజులకు రోజుకూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాతి రోజులకు కనీసం సగం భృతిగా ఇవ్వాలి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో రోజుకూలి 307 రూపాయలుగా ఉండేది. నాలుగో వంతంటే 76 రూపాయల 75 పైసలు, సగమంటే 153 రూపాయల 50 పైసలు. గడువు దాటాక ఇంకో 40 రోజులు పని లేకుండా కూర్చున్న మనిషికి 3,837 రూపాయల 50 పైసలు రావాలి. వేసవిలో ఒక ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

మరి ఎంతమందికి వచ్చింది? దేశమంతా కలిపి చూసినా ఆ లెక్క నామమాత్రమే. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ సంగతి ఎత్తిచూపింది. మా చుట్టుపక్కల మండలాల్లో భృతి అందుకున్న మనిషిని మేం ఇంతవరకూ చూడలేదు. ఈ లెక్క చూపించి అధికారులు, "అడిగినవాళ్లందరికీ పని ఇచ్చాం, అందుకే భృతి అవసరం పడలేదు" అంటారు.

అసలు తిరకాసు అడగడంలోనే ఉంది. ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుపడితే మన ఆడవాళ్లు "పని ఎప్పుడు పెడతావన్నా?" అంటారు. అతను "చూద్దాంలేమ్మా" అంటాడు. ఇది చట్టం దృష్టిలో అడగడం కాదు. అర్జీ ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకుంటేనే 15 రోజుల గడువు మొదలవుతుంది. ఆ రసీదు ఎవరూ ఇవ్వరు. పని మంజూరై మస్టరు తీసే రోజు వచ్చాకే కంప్యూటర్‌లో "పని అడిగారు" అని ఎక్కిస్తారు. అడిగినదీ ఇచ్చినదీ ఒకే వారంలో పడతాయి. ఇక భృతి ఎక్కడ పుడుతుంది?

ఇంకో సంగతి. 2005 చట్టం ప్రకారం పని చూపిస్తే కూలి డబ్బు కేంద్రం భరించేది. పని చూపకపోతే భృతి రాష్ట్రం భరించాలి. పని చూపించకుండా తప్పించుకోకూడదనే చట్టంలో అలా పెట్టారు. కానీ కేంద్రం నుంచి డబ్బు ఆలస్యమైతే రాష్ట్రం కొత్త పనులు తీయదు, భృతీ ఇవ్వదు. రసీదే లేకపోతే బాకీ కూడా ఉండదు. 2020-21లో కరోనా ఏడాది ఈ పథకానికి లక్షా 11 వేల కోట్ల దాకా ఖర్చయింది, 389 కోట్ల పనిదినాలు జరిగాయి. 2023-24 బడ్జెట్‌లో పెట్టింది 60 వేల కోట్లు, తర్వాత రెండేళ్లూ 86 వేల కోట్లు. వంద రోజులు అని 2005 చట్టం చెబితే సగటున ఒక ఇంటికి దొరికింది 50 రోజుల దరిదాపుల్లోనే.

అడిగేవాళ్ల పేర్లే లేకుండా చేస్తే లెక్క ఇంకా తగ్గుతుంది. 2022-23 ఒక్క ఏడాదిలో 5 కోట్లకు పైగా కూలీల పేర్లు తొలగించినట్టు కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతా ఉంటేనే కూలి. రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫోటో పడాలి. గుట్ట పక్కన సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ పూట తవ్విన మట్టి ఎవరి ఖాతాలో వేస్తారు?

రైతు సంఘం పత్రికలో కూలీల భృతి గురించి ఎందుకని కొందరు మిత్రులు అడుగుతారు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు మేమూ సణిగినవాళ్లమే. చెనక్కాయ పీకే రోజుల్లో కూలీలు దొరక్క, కరువు పని వచ్చి మనుషుల్ని చెడగొట్టిందని అరుగు మీద కూర్చుని తిట్టాం. తర్వాత మా ఊళ్లో మస్టర్లు తీసుకుని చూశాం. పని ఎక్కువగా నడిచింది ఎండాకాలంలో, పొలాలు బీడుగా ఉన్నప్పుడు. చెనక్కాయ పీకే కాలంలో మస్టరే లేదు. ఇంకొకటీ కనిపించింది. ఆ మస్టర్లలో రెండు, మూడెకరాల రైతుల పేర్లు బోలెడు. వానలు లేని ఏడాది మన ఇళ్ల నుంచే ఒకరు బెంగుళూరు కట్టడం పనికి పోతే ఇంకొకరు కందకాలు తవ్వారు. కూలీ వేరు, మనం వేరు అనుకునేంత భూమి మాలో చాలామందికి లేదు. మన పొలాల్లో నీటి కుంటలు, మామిడి గుంతలు కూడా ఈ డబ్బుతోనే వచ్చాయి.

ఈ పథకం మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. ఆ జిల్లా నుంచే ఇప్పటికీ బస్సులకు బస్సులు వలస పోతున్నాయి.

పోయిన వేసవిలో మా మండలంలో 43 మంది చేత అర్జీలు రాయించాం. ఆఫీసులో రసీదు ఇవ్వనన్నారు. "అర్జీ ఎందుకు, మేమే పని పెడతాం కదా" అన్నారు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాం. ఆడవాళ్లు సద్దిమూటలు విప్పి వరండాలోనే తిన్నారు. సాయంత్రం నాలుగింటికి ముద్ర పడింది. పదకొండో రోజున చెరువు పూడిక పని తీశారు! అంతవరకూ "మంజూరు లేదు" అన్న పని అది. భృతి రాలేదు, పని వచ్చింది. మాకు కావాల్సిందీ అదే.

ఈసారి ప్రతి ఊరి కమిటీ అర్జీలు పెట్టించాలి. కనీసం 14 రోజుల పని అడగాలి. జాబ్‌కార్డు నంబరు, ఏ తేదీ నుంచి పని కావాలో స్పష్టంగా రాయాలి. రెండు ప్రతులు తీసుకెళ్లాలి, ఒకదాని మీద సంతకం, తేదీ వేయించుకోవాలి. పదిమంది కలిసి ఒకే అర్జీ ఇచ్చినా చెల్లుతుంది. వేయనంటే రిజిస్టర్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు వాళ్లు ఇచ్చే చీటీని జాబ్‌కార్డులోనే పెట్టుకోండి. గడువు దాటిన అర్జీల జాబితా నెలాఖరుకు మండల కమిటీకి చేరాలి. భృతి కోసం వేసే అర్జీ నమూనా అక్కడ ఉంది.