అమ్మ పొదుపరి అని పొగిడితే సరిపోదు

మన హాస్టల్లో ఎవర్నడిగినా ఒకటే మాట: "మా అమ్మ ఇంత తక్కువ డబ్బుతో ఇల్లెలా నడుపుతుందో తెలీదు బ్రో, గ్రేట్ అసలు." నాకు అందులో "గ్రేట్" కన్నా "తెలీదు" అన్న మాటే గట్టిగా వినిపిస్తుంది. ఓటు హక్కు వచ్చింది, కోడింగ్ వచ్చింది, మనింటి నెల ఖర్చు మాత్రం మనకి తెలీదు. తెలుసుకోవాల్సిన వయసు వచ్చేసిందని నా అభిప్రాయం.

ఊరికే నీతులు చెప్పకుండా మా ఇంటి లెక్కే పెడతాను. ఇంట్లో అడిగే రాస్తున్నాను. మాది ఖమ్మం. నాన్న మిర్చి కమిషన్ కొట్లో గుమస్తా, అమ్మ జాకెట్లు కుడుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకి 31,000 రూపాయలు. ఇంటద్దె 6,500. తమ్ముడి స్కూలుకి 2,000. నా ఫీజు కోసం తెచ్చిన లక్ష అప్పుకి వడ్డీ 2,000. వచ్చే ఏడాది ఫీజు కోసం కట్టే చీటీ 5,000. నా మెస్ బిల్లు, చేతి ఖర్చులు కలిపి 6,000. ఇక మిగిలేది 9,500. బియ్యం, పప్పులు, పాలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, రీచార్జీలు, మందులు అన్నీ అందులోనే సర్దాలి. తెలంగాణలో పట్టణంలో ఉండేవాళ్లకి రేషన్ కార్డు రావాలంటే ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. మాది దాటుతుంది, కాబట్టి బియ్యం కూడా బజార్లో కొనాల్సిందే.

ఇప్పుడు నా పేరు మీద పోయేవి కూడండి. వడ్డీ, చీటీ, హాస్టల్ కలిపి 13,000. అంటే ఇంటికొచ్చే ప్రతి 100 రూపాయల్లో దాదాపు 42 నా ఒక్కడి మీదే ఖర్చవుతున్నాయి. ఇంత వాటా ఉన్నవాడికి లెక్క తెలియకపోతే ఎలా?

రీల్స్‌లో అందరూ చెప్పే 50-30-20 సూత్రం మీకూ తెలిసే ఉంటుంది. ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురు కలిసి రాసి 2005లో అచ్చేసిన ఒక అమెరికా పుస్తకంతో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఆదాయంలో సగం అవసరాలకి, 30 శాతం కోరికలకి, 20 శాతం పొదుపుకి. మా ఇంటికి ఇది వేసి చూస్తే కోరికలకి 9,300 రావాలి. మా ఇంటి కిరాణా నుంచి మందుల దాకా అన్నిటికీ కలిపి ఉన్నదే 9,500! సూత్రం తప్పని అనను, అది వేరే ఇళ్ల కోసం పుట్టింది. అమ్మ పద్ధతి వేరు. ఒకటో తారీఖున ముందు మాట పోకూడని చోట కట్టేస్తుంది: అద్దె, వడ్డీ, చీటీ. తర్వాత నెల సరిపడా బియ్యం, పప్పు, నూనె. పాలవాడి డబ్బులు, గ్యాస్ డబ్బులు విడిగా పోపుల డబ్బా పక్కన చిన్న డబ్బాలో. మిగిలినదాన్ని నాలుగు వారాలకి పంచుతుంది. తక్కువ డబ్బు ఉన్నప్పుడు శాతాల కన్నా ఈ వరుసే ముఖ్యం.

అయితే ఈ పద్ధతిలో ఒక పెద్ద అన్యాయం ఉంది. అమ్మ లెక్కల పుస్తకంలో "కళ్లజోడు, వచ్చే నెల" అని వరసగా ఐదు నెలలు రాసుంది. రోజంతా సూదిలో దారం ఎక్కించే మనిషి ఆవిడ! నా ఎగ్జామ్ ఫీజు ఎప్పుడూ వచ్చే నెలకి వెళ్లలేదు. చాలా ఇళ్లలో డబ్బు తక్కువైతే ముందు కోత పడేది అమ్మ అవసరానికే. దానికి మనం పెట్టిన ముద్దు పేరు పొదుపు. పొగడ్త వల్ల జరిగేది ఏంటంటే, ఆ కోత ఎవరి మీద పడుతోందో ఎవరూ అడగరు.

"నువ్వు చదువుకో నాన్నా, ఈ గొడవలన్నీ నీకెందుకు" అంటారు ఇంట్లో. ప్రేమతోనే అంటారు. పిల్లలకి చెబితే దిగులు పెట్టుకుంటారని భయం. కానీ ఫోన్లో గొంతు బట్టి "ఈ నెల ఏదో ఇబ్బందిలా ఉంది" అని ఊహించుకునే దిగులు కన్నా, "ఈ నెల 1,200 తక్కువ" అన్న నిజం నయం. అంకె తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు.

మనం చేయగలిగేది కూడా ఉంది. ఇంగ్లీష్ మీడియం చదువు ఇక్కడ పనికొస్తుంది. మన పెద్దవాళ్లు వడ్డీని రూపాయల్లో చెప్తారు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులేమో ఏడాది శాతాల్లో చెప్తాయి, కార్డు కంపెనీలు చిన్న అక్షరాల్లో చెప్తాయి. చాలా క్రెడిట్ కార్డుల్లో బిల్లు పూర్తిగా కట్టకపోతే నెలకి 3.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువే పడుతుంది. నాన్నకి "మూడున్నర రూపాయల వడ్డీ" అని చెప్పండి, కార్డు వైపు కూడా చూడరు. "జీరో ఇంట్రెస్ట్" ఈఎంఐ అంతే. అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజులోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో అది దాక్కుని ఉంటుంది. చీటీ అయితే రిజిస్టర్ అయిందో లేదో చూడాలి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడిచే చీటీకి ఒక అడ్రసు, ఒక జవాబుదారీ ఉంటాయి. వీధిలో నోటిమాట మీద నడిచేదానికి ఆ మనిషి మీద నమ్మకం తప్ప ఏమీ ఉండదు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈ సెమ్ హాలిడేస్‌లో ఒక సాయంత్రం ఇంట్లో లెక్కల పుస్తకం అడగండి. పుస్తకం లేకపోతే అమ్మ చెప్తుంటే మీరే రాయండి. ఆవిడకి అన్నీ నోటికి వచ్చు. మీ వాటా ఎంతో కూడండి. తర్వాత ఎన్నిసార్లు "వచ్చే నెల" అని వాయిదా పడిందో, ఎవరిది పడిందో చూడండి. అది మీ ఖర్చుల్లోంచి తగ్గించి తీర్చగలిగేదైతే ఈ నెలే తీర్చేయండి. మా ఇంట్లో వచ్చే ఒకటో తారీఖు వరుసలో అద్దె తర్వాత కళ్లజోడు ఉంటుంది. నా 6,000 ఆ నెలకి 4,800 అవుతుంది. అమ్మ ఒప్పుకోదు. ఒప్పించే పని నాది.