కంపెనీ చూపించే అద్దం



గత నెలలో ఒక సాయంకాలం సంఘం ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. ఆమె బీడీలు చుడుతుంది, భర్త సాంచాల మీద పనిచేస్తాడు. పగారు బకాయి గురించో, ప్రావిడెంటు ఫండు గురించో వచ్చిందనుకున్నాం. కాదు. "అన్నా, మా పెద్దోనికి ఇరవై ఏండ్లు. నాయన ఎంబడి సాంచాల మీదికి పోతుండె. ఇప్పుడు పోనంటుండు. ఎవరో ఫోన్ల ఏమో రాసిండ్రట. నేనేం చెప్పాలె వానికి?" అని అడిగింది.

తర్వాత ఆ కుర్రవాడితో మాట్లాడాం. జరిగింది చూడటానికి చిన్న విషయమే. కార్ఖానా బయట నిలబడి తీసుకున్న వీడియో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. వెనక సాంచాల చప్పుడు వినిపించింది. ఒకప్పుడు కలిసి చదువుకున్నవాడొకడు దాని కింద "సాంచాలోడు" అని రాసి నవ్వు బొమ్మ పెట్టాడు. మరో పదిమంది నవ్వారు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు తలలోని దూది నూగు కడుక్కోకుండా వీధిలోకి రాలేదు. వారం తిరిగేసరికి పనికి పోవడమే మానేశాడు. తాత, తండ్రి తలెత్తుకుని చెప్పుకున్న పని పేరు అతని చెవికి తిట్టుగా వినిపించింది.

షోలాపూర్ పూర్వభాగంలో ఇటువంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయని మాకు తెలుసు. భివండిలో, ముంబైలో ఉన్న మన బంధువుల ఇళ్ళలోనూ ఉంటాయి. అందుకే ఈసారి బోనసు, కూలిరేట్ల మాట కాసేపు పక్కనపెట్టి ఈ సంగతి రాస్తున్నాం. నిజానికి ఇదీ కూలి సంగతే, చివరిదాకా చదివితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మేము పిల్లలకు నీతులు చెప్పడానికి కూర్చోలేదు. మా తరంవాళ్ళం కూడా సినిమా హీరోను చూసి క్రాపు దువ్వుకున్నవాళ్ళమే, బెల్‌బాటం ప్యాంటు కోసం ఇంట్లో అలిగినవాళ్ళమే. పక్కవాడితో పోల్చుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం. తన విలువ తేల్చుకోవడానికి మనిషి తనలాంటి మరొకరి పక్కన నిలబడి కొలుచుకుంటాడని 1954లోనే లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతం చేశాడు. కానీ అప్పట్లో సినిమా మూడు గంటల్లో అయిపోయేది. హీరో ఎక్కడో మద్రాసులో ఉండేవాడు. ఇవాళ పిల్లవాడు పోల్చుకునేది తన వీధిలోని వాడితో, తనతో బడిలో కూర్చున్నవాడితో. అది కూడా రాత్రీ పగలూ, ఎవరికెన్ని లైకులు వచ్చాయన్న లెక్కతో సహా. ఎదుటివాడు చూపించేది తన జీవితంలో ఏరి తీసిన పది నిమిషాలు. మనవాడు దాని పక్కన పెట్టుకునేది తన పన్నెండు గంటల అలసట. ఈ పోలికలో మనవాడు ఎప్పుడు గెలుస్తాడు?

ఈ పోలికను ఒక కార్ఖానాగా ఎలా మార్చారో చూడండి. మన పాత సాంచాకు ఒక గుణం ఉంది. కండెలో నూలు అయిపోతే అది ఆగుతుంది. కండె మార్చే ఆ కాస్త సేపట్లో నేతగాడు ఒక ఊపిరి పీల్చుకుంటాడు. ఫోనులో ఆ కండె అయిపోదు. వేలితో తోసినకొద్దీ కొత్త బొమ్మ వస్తూనే ఉంటుంది. ఈ పద్ధతిని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ అనే అమెరికా నిపుణుడు తర్వాత తానే దానికి విచారం వెలిబుచ్చాడు. 2009లో ఫేస్‌బుక్ లైక్ బొత్తాం పెట్టింది. వీలైనంత ఎక్కువగా మనుషుల కాలాన్నీ ధ్యాసనూ లాక్కోవడమే మొదటినుంచీ ఆలోచన అని ఆ కంపెనీ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు. ఎందుకు లాక్కోవాలి? మన పిల్లలు చూసే ప్రతి నిమిషమూ వ్యాపార ప్రకటనకు అమ్ముడుపోతుంది గనుక. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటికీ యజమాని అయిన మెటా కంపెనీకి 2024లో వచ్చిన ఆదాయం 16,400 కోట్ల డాలర్లకు పైగా. దాదాపు అంతా ప్రకటనల సొమ్మే.

ఇప్పుడు మన లెక్క మనం వేద్దాం. రోజుకు 3 గంటలు చూసే పిల్లవాడు ఏడాదికి 1,095 గంటలు చూస్తాడు. 8 గంటల షిఫ్టుల్లో అది దాదాపు 137 షిఫ్టులు. నెలకు 26 హాజరీల చొప్పున 5 నెలలకు పైగా పని. పగారు లేదు, పి.ఎఫ్. లేదు, బోనసు లేదు. పైగా ఫోను వాయిదా, రీచార్జి మనమే కట్టాలి. ఏ సేటూ ఇంత చవకగా మన పిల్లలతో పని చేయించుకోలేదు!

ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా గుర్తుచేసుకోవాలి. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దయతో ఎవరూ ఇవ్వలేదు. నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి ఆ కోరిక పెడితే, యజమానులు దిగివచ్చింది 1890 జూన్ 10న. వారానికి 48 గంటల హద్దు చట్టంలో చేరడానికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చే కాలం దాకా పోరాడవలసి వచ్చింది. నిద్రకూ, ఇంటికీ, చదువుకూ, నలుగురితో మాట్లాడుకోవడానికీ అని మన పెద్దలు సంపాదించిన గంటలవి. వాటిని ఒక్క సమ్మె జరగకుండా, ఒక్క లాఠీ లేవకుండా ఇంకొకడు పట్టుకుపోతున్నాడు.

కాలం ఒక్కటే పోతే బాధ సగమే. దానితోపాటు పిల్లలు తమను తాము చూసుకునే చూపు కూడా మారుతోంది. అమెరికా కాలేజీలకు ఫేస్‌బుక్ ఒక్కొక్కటిగా చేరింది 2004 నుంచి 2006 మధ్య. అది ముందు వచ్చిన కాలేజీలనూ ఆలస్యంగా వచ్చిన కాలేజీలనూ పోల్చి చూసిన పరిశోధన 2022లో అచ్చయింది. అది వచ్చాక విద్యార్థుల మనోస్థితి దెబ్బతిన్నదనీ, తోటివాళ్ళతో పోల్చుకుని తాము తక్కువనుకోవడం అందుకు ముఖ్య కారణంగా కనబడుతోందనీ అందులో తేలింది. ఇన్‌స్టాగ్రామ్ తమ శరీరం మీద తమకున్న అసంతృప్తిని పెంచుతోందని ముగ్గురు ఆడపిల్లల్లో ఒకరి విషయంలో కంపెనీ సొంత ఉద్యోగులే కాగితం మీద రాసుకున్నారు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఆ కాగితాలను బయటపెట్టింది. వాటిని తప్పుగా చదువుతున్నారని కంపెనీ వాదించింది. కానీ ఆ పిల్లల మాటను తాము అడిగి తెలుసుకున్న సంగతిని మాత్రం కాదనలేకపోయింది.

మన ఇళ్ళలో ఇది మూడు చోట్ల కనబడుతోంది. మొదటిది రంగు. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవంలో తీసుకున్న ఫోటోను కూడా ఫిల్టరు వేసి తెల్లగా చేయకుండా ఎవరికీ చూపించని ఆడపిల్లలున్నారు. తల్లి రంగే తనకు వచ్చినందుకు తల్లి మీద కోపం. రెండోది పని. పైన చెప్పిన కుర్రవాడి కథ అదే. మూడోది భాష. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి మన తాతలు తెచ్చుకున్న తెలుగు ఇక్కడ మరాఠీతో కలిసి ఒక రుచి పొందింది. రీల్సులో హైదరాబాదు మాట విని, తమది తెలుగే కాదనుకుని నోరు మూసుకునే పిల్లలు తయారయ్యారు. రంగు, పని, భాష — ఈ మూడింటికీ సిగ్గుపడేవాడు కూలిరేటు అడగడానికి సేటు ముందు ఎలా నిలబడతాడు? తనకు విలువ లేదని నమ్మినవాడు తన శ్రమకు విలువ అడగలేడు. కూలి సంగతే అని మేము ముందు అన్నది ఇందుకే.

అయితే ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెప్పడం మా పద్ధతి కాదు. ఫోను మనిషి స్వభావాన్నే తిరగరాస్తుందని చెప్పగలిగిన రుజువు లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 3 లక్షల 55 వేలమంది పిల్లల వివరాలు పరిశీలించి, సగటు మీద ఈ ప్రభావం చాలా చిన్నదని తేల్చారు. అందరికీ ఒకే దెబ్బ తగలదు. ముందే ఒంటరిగా, దిగులుగా ఉన్నవాడే ఫోనును ఎక్కువగా పట్టుకుంటాడు, పట్టుకున్నకొద్దీ ఇంకా ఒంటరి అవుతాడు. ఏది ముందు, ఏది వెనక అని చెప్పడం చాలాసార్లు కష్టం. కానీ వాడకం తగ్గిస్తే మేలు ఉందనడానికి ఆధారం ఉంది. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. రోజుకు మొత్తం 30 నిమిషాలకు మించకుండా మూడు వారాలు గడిపినవారిలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. పూర్తిగా మానమనలేదు, హద్దు పెట్టుకోమన్నారు, అంతే.

ఫోను లాక్కుంటే సరిపోతుందనే పెద్దలకు కూడా ఒక మాట. 2016లో డేటా చవక అయింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. నెల తిరగకముందే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. ఒక కొట్టు మూస్తే పక్కన ఇంకొకటి తెరుచుకుంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకు ఈ ఖాతాలు లేకుండా చట్టం చేశారు. కానీ మనం మాట్లాడుతున్నది ఇరవై ఏళ్ళ కార్మికుల గురించి, వాళ్ళను ఏ చట్టమూ ఆపదు. పైగా తమిళనాడులో కొన్ని స్పిన్నింగు మిల్లుల హాస్టళ్ళలో ఆడపిల్లల ఫోన్ల మీద ఆంక్షలు పెట్టింది వాళ్ళ మేలు కోరి కాదు, బయటి మనిషితో మాట్లాడకుండా ఉండాలని. 2020 లాక్‌డౌనులో ఊరికి కబురు పంపింది ఫోనే. పి.ఎఫ్. జమ అయిందో లేదో చూపించేదీ ఫోనే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో వ్యవసాయ కూలి చేసుకునే గంగవ్వ తన ఊరి మాట తన నోటితోనే మాట్లాడి దేశమంతా తెలిసిందీ యూట్యూబు ద్వారానే. ఆమె యాస మార్చుకోలేదు, ముఖానికి రంగు పూసుకోలేదు. పనిముట్టు మన చేతిలో ఉందా, మనం దాని చేతిలో ఉన్నామా అన్నదే తేడా.

కాబట్టి మేము కోరేవి ఇవి.

ఒకటి. నడిచే సాంచా దగ్గర ఫోను వద్దు. ఒంటి నుంచి చూపు మరలిన క్షణంలో నాడె ఎగిరి తగులుతుంది, బెల్టులో చెయ్యి పడుతుంది. ఇందులో వాదన లేదు.

రెండు. రాత్రిపాళీ దిగి పడుకునేటప్పుడు ఫోను మంచానికి దూరంగా పెట్టండి. ఇది పిల్లలకే కాదు, తండ్రులకు కూడా. మనం భోజనం దగ్గర ఫోను చూస్తూ పిల్లవాణ్ణి తిడితే వాడు వినడు.

మూడు. ఇంట్లో పని గురించి మాట్లాడే తీరు మార్చుకుందాం. "చదవకపోతే సాంచాలకే పోతావు" అని మనమే కదా చిన్నప్పటి నుంచి బెదిరించింది! ఫోనులో వచ్చిన ఆ మాటకు విత్తనం మన నోటినుంచే పడింది.

నాలుగు. ఆదివారం సాయంకాలం సంఘం చదువుల గది యువకుల కోసం తెరిచి ఉంచుతాం. క్యారమ్స్ ఆడుకోండి, పత్రికలు చదవండి, పోట్లాడుకోండి. ముఖం చూసి మాట్లాడే నలుగురు దొరికితే మనిషి లైకులు లెక్కపెట్టడు. వీడియో తీయాలనుకుంటే చద్దరు మీద పువ్వు ఎలా పడుతుందో తీయండి, టవలు కుచ్చు ఎలా లేస్తుందో తీయండి. ఎంత పనితనం ఉందో చూసేవాళ్ళకు తెలుస్తుంది.

అయిదు. దిగులు వదలక, నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడే పిల్లలుంటే ఎగతాళి చేయకండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు పడదు, తెలుగులోనూ మాట్లాడతారు. సంఘం ఆఫీసుకు వచ్చినా మేమే ఫోను కలిపి ఇస్తాం.

ఆ తల్లికి మేము ఏం చెప్పామంటే: "అక్కా, వాణ్ణి సాంచా మీదికే పంపమని మేము అనం. చదువుకుని ఇంకో పనికి పోతే మాకూ సంతోషమే. కానీ సిగ్గుతో పారిపోవద్దని మాత్రం చెప్తాం." ఆ పిల్లవాడు ఇంకా పనికి రాలేదు. అయితే పోయిన రెండు ఆదివారాలూ చదువుల గదికి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు క్యారమ్స్ ఆటలో ఒక పెద్దాయనను ఓడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తల వంచుకునే నవ్వాడు, కానీ నవ్వాడు.

యువ కార్మికులారా! ఈ పట్టణం చద్దరుకు దేశమంతటా ఉన్న పేరు మీ తాతల చేతులు తెచ్చినది. మీ విలువ ఎంతో చెప్పే హక్కు ఎక్కడో కూర్చుని మీ నిమిషాలు అమ్ముకునే కంపెనీకి లేదు. ఫోను జేబులో పెట్టుకోండి. ఆదివారం సాయంకాలం రండి. మీకోసం ఎదురుచూస్తుంటాం.