లాప్‌టాప్ ఒక్కటే ఉన్నోళ్లకు విండోస్, లైనక్స్ రెండూ కావాలె

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతోని చదవండి.

మొన్న మా హాస్టల్‌ల ఇద్దరు సీనియర్ అన్నలు గట్టిగ వాదించుకున్నరు. "లైనక్స్ మనకెందుకు, ముందు ఎక్సెల్ నేర్చుకోండి" అని ఒకాయన. "విండోస్ తీసి అవతల పడెయ్యండి" అని ఇంకొకాయన. ఇద్దరి మీదా గౌరవం ఉంది కానీ, ఇద్దరికీ సొంతంగా రెండేసి మిషన్లు ఉన్నయ్. నాకు ఒక్కటే. నలుగురం వాడుకుంటం. అందుకే నా మాట వేరే: ఒక్క లాప్‌టాప్‌లనే రెండూ పెట్టుకోవాలె. ఆన్ చెయ్యంగనే ఏది కావాల్నో అడుగుతది, దీన్నే డ్యూయల్ బూట్ అంటరు.

మా నాన్న పత్తి అమ్మిన పైసలతోని కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ నాది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 తెరుచుకునే లోపు మెస్‌కు పోయి టీ తాగి రావొచ్చు. పైగా విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు, కొత్త ప్రాసెసర్ కావాలె. మనలాంటోళ్ల దగ్గరున్న చాలా పాత మిషన్లకు అది లేదు. కొత్తది కొనేంత మనకెక్కడిది? లైనక్స్ మింట్‌ల ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది, 4 జీబీ ర్యామ్‌ల మంచిగనే నడుస్తది. నెట్ సెంటర్ పెన్‌డ్రైవ్‌తోని వచ్చే షార్ట్‌కట్ వైరస్ దాంట్ల పని చెయ్యది. సీ ప్రోగ్రాములు, పైథాన్, అన్నీ ఉచితం. క్రాక్ పెట్టుడు లేదు.

మరి విండోస్ ఎందుకు ఉంచుమంటున్న? కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లనే నడుస్తది. సార్లు ఇచ్చే వర్డ్ ఫైలు లైనక్స్‌ల తెరిస్తే ఒక్కోసారి టేబుళ్లు జరుగుతయ్. ట్యాలీ నేర్చుకునేటోళ్లకు కూడా విండోసే సుఖం. పరీక్ష రోజు సిద్ధాంతాలు పనికి రావు.

ఇప్పుడు నా తప్పు చెప్త. మొదటిసారి పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేస్తుంటే రెండు దారులు చూపించింది. ఒకటి విండోస్ పక్కన పెట్టుడు, ఇంకొకటి 'ఎరేజ్ డిస్క్'. డిస్క్ అంటే సీ డ్రైవ్ అనుకున్న. పాత చెత్త పోతది, డీ డ్రైవ్‌ల నావి భద్రంగ ఉంటయ్ అనుకొని రెండోది నొక్కిన. సీ, డీ రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌ల గీసిన గీతలే అని నాకు అప్పుడు తెల్వది. మొత్తం పోయింది. నాన్న పోడు పట్టా ఫోటోలు, నా కులం సర్టిఫికెట్ స్కాన్లు మళ్లీ తెచ్చుకున్న. కానీ దండారికి ఊరికి పోయినప్పుడు అమ్మమ్మతోని పాడించి రికార్డు చేసిన పాటలు దాంట్లనే ఉండె, ఫోన్‌ల జాగ లేక లాప్‌టాప్‌ల వేసి ఫోన్‌ల తీసేసిన. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఫోటోరెక్ అనే ఉచిత టూల్‌తోని రెండు రాత్రులు వెతికితే పేర్లు లేని ఫోటోలు కొన్ని, మధ్యల తెగిన పాట ఒక్కటి దొరికినయ్. దాని మాటలు ఇప్పుడు రాసుకుంటున్న. మన గుంజాల గోండి లిపి 2018లనే యూనికోడ్‌ల చేరింది, నోటో ఫాంట్ ఉచితంగ దొరుకుతది, తెల్వనోళ్లు చూడండి.

ఇది విని "అందుకే షాపుల ఇయ్యాలె" అనేటోళ్లు ఉంటరు. నేను ఒప్పుకోను. షాపుల కూడా 'డేటా ఉందా' అని అడగకుండా ఫార్మాట్ కొట్టేటోళ్లు ఉన్నరు, పైసలు వేరే. మనమే చేసుకోవాలె, కానీ క్రమం తప్పొద్దు. ముందు ముఖ్యమైనయన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లకో ఇంకొక లాప్‌టాప్‌లకో కాపీ చేసి, ఆ కాపీ తెరిచి చూడాలె. కొత్త లాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ ఆన్‌ల ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలె, లేకపోతే మీ తాళం మీకే పడ్తది. తర్వాత విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చెయ్యాలె. అది ఆన్‌ల ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగ మూతపడది, లైనక్స్‌ల నుంచి ఆ డ్రైవ్‌ల రాయనియ్యది. విండోస్‌ల డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ష్రింక్ చేసి ఓ 100 జీబీ ఖాళీ తియ్యండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌ల రూఫస్‌తోని మింట్ ఎక్కించి, ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండనే నడిపి చూడండి. వైఫై, సౌండ్ పని చేస్తున్నయా లేదా అప్పుడే తెలుస్తది. అన్నీ బాగుంటేనే 'అలాంగ్‌సైడ్' అన్నది నొక్కండి. నొక్కే ముందు ఇంకొకలతోని చదివించండి, సిగ్గేం లేదు.

ఒక్కోసారి విండోస్ అప్‌డేట్ అయినంక ఎంచుకునే స్క్రీన్ రాకుండ నేరుగ విండోస్‌కే పోతది. భయపడకండి, లైనక్స్ పోలేదు. బయోస్‌ల బూట్ వరుస మార్చి లైనక్స్‌ను పైకి తెస్తే చాలాసార్లు సరైపోతది.

వచ్చే ఆదివారం మా రూంల ఇంకో మూడు లాప్‌టాప్‌లకు పెడుతున్నం. దగ్గర్ల ఉన్నోళ్లు రండి. పెన్‌డ్రైవ్ నా దగ్గరుంది, బ్యాకప్‌కు హార్డ్‌డిస్క్ మాత్రం మీరు తెచ్చుకోండి. లేకుండ వస్తే ఇన్‌స్టాల్ చెయ్య, ముందే చెప్తున్న.