కట్ట దాటని తీగ

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లం చాలామందిమి రైలు పెట్టిన అన్నం తిన్నవాళ్లం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తాతల చలవతో ఇక్కడ నిలదొక్కుకున్నాం. కుదుదండ్ లాంటి పేటల్లో సొంతిళ్లు కట్టుకున్నాం. పిల్లల్ని ఇంజనీర్లను చేశాం. గుళ్లు కట్టాం, ఉగాదులు చేశాం. అర్పా నది నీళ్లు తాగుతూ ఇన్నేళ్లు బతికిన మనం చుట్టుపక్కల పల్లెలకు ఏం చేశామని ఎవరైనా అడిగితే మాత్రం తల దించుకోవాల్సిందే.

మనకు చేతకాని పనైతే సరిపెట్టుకోవచ్చు. కానీ పల్లెలకు కావాల్సిన కరెంటు, ఫైబర్ తీగల పని మనం కొలువుల్లో రోజూ చేసినదే. పట్టాల మీద 25 వేల వోల్టుల తీగ, పట్టాల పక్కన మట్టిలో ఆప్టికల్ ఫైబర్. ఎక్కడో బ్రేకర్ పడిపోతే కంట్రోల్ రూంలో కూర్చున్న మనిషి తెర మీద చూస్తాడు. ఏ సెక్షన్‌కు కరెంటు ఆపాలో, ఎటునుంచి తిప్పి ఇవ్వాలో అక్కణ్నుంచే చేసేస్తాడు. ఈరోజు స్మార్ట్ గ్రిడ్ అని పెద్ద పేరుతో చెబుతున్నది ఇంచుమించు ఇదే. కరెంటు తీగా కబురు తీగా జంటగా నడవాలన్న సంగతి సిగ్నల్, ట్రాక్షన్, టెలికాం విభాగాల్లో చేసి రిటైరైన మన పెద్దలకు కంఠోపాఠం. అయినా ఆ జ్ఞానాన్ని రైలు కట్ట దాటనివ్వలేదు. బిల్హా, కోటా, మస్తూరీ పల్లెల్లో లైను తెగితే లైన్‌మన్ ఇప్పటికీ స్తంభం స్తంభం చూసుకుంటూ నడుస్తుంటే, మనకేం పట్టనట్టు ఉండిపోయాం.

కరెంటు లేని సీమ కూడా కాదిది. ఈ జిల్లాలోని సీపత్‌లోనే 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉంది. ఇదే రాష్ట్రంలోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరు దాకా 6,000 మెగావాట్లు మోసే లైను వేశారు. అంత దూరానికి వెళ్లే కరెంటు, ఆ పొగ పీల్చే ఊళ్లో సాయంత్రం మినుకుమినుకుమంటుంది.

పల్లెలకు డబ్బు మంజూరు కాలేదా అంటే, అయింది. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలని 2011 అక్టోబరులో కేంద్రం నిర్ణయించింది. గడువు రెండేళ్లు. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. 2023లో అదే పథకాన్ని సవరించి 1,39,579 కోట్లు కేటాయించారు. ఈలోగా 2021లో విద్యుత్ శాఖ 3,03,758 కోట్ల పథకం తెచ్చింది. 25 కోట్ల స్మార్ట్ మీటర్లు అందులో భాగం. పల్లె అదే, రోడ్డు అదే. శాఖలు వేరు, టెండర్లు వేరు.

పంచాయతీ భవన్‌లో గోడకు బిగించిన ఫైబర్ పెట్టెను దగ్గరగా చూడండి. పక్కన బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయి అది దిగిపోతే నెట్ పోయినట్టే. దారిలో జేసీబీ కేబుల్ తెంపితే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఎవరికి చెప్పుకోవాలో సర్పంచ్‌కు తెలియదు. భవన్‌కు తాళం పడితే ఆ దీపమూ ఎవరికీ కనబడదు. ఇక ఇంటి ముందు పెట్టే స్మార్ట్ మీటరు ఆ ఫైబర్‌తో సంబంధం లేకుండా సెల్ సిగ్నల్ కోసం వెతుక్కుంటుంది. 2020లో బడులు మూసేసినప్పుడు రాష్ట్రం ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. నెట్ అందని ఊళ్లకు సంతల్లో బ్లూటూత్ మీద, ఫోన్ నుంచి ఫోన్‌కు పాఠాలు పంచాల్సి వచ్చింది. అప్పుడు కూడా మన పిల్లల వైఫై బాగుందని ఊపిరి పీల్చుకున్నాం.

ఇలాగే జరగాలని రాసిపెట్టి లేదు. అమెరికాలో చట్టనూగా ఊరి విద్యుత్ సంస్థ తన గ్రిడ్ కోసం వేసుకున్న ఫైబర్ మీదే 2010లో ఇంటింటికీ గిగాబిట్ నెట్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగి, 2017లో నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. మన తాతలు బయల్దేరి వచ్చిన వైపే, చీపురుపల్లిలో, గ్రామీణ విద్యుత్ సహకార సంఘం వెలిసింది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ లైట్ల కింద కూర్చున్నాం. వాడుకునేవాళ్లే సభ్యులుగా ఉండే అలాంటి సంఘం గురించి ఇక్కడి రైతులకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, వాళ్లు ఛత్తీస్‌గఢీలు, మనం బతుకుతెరువుకు వచ్చినవాళ్లం అనుకున్నాం. నాలుగు తరాలు గడిచాక ఆ మాట సాకు మాత్రమే. రైల్వే జోన్ కోసం 1996లో ఈ ఊరు భగ్గుమంది. 2003లో జోన్ పని మొదలైంది. దాని ఫలం మనమూ అనుభవించాం. అడిగితే వస్తుందని కళ్లారా చూసిన మనం పక్కపల్లె తీగ కోసం అర్జీ రాయలేదు.

రిటైరైన టెలికాం, ట్రాక్షన్ పెద్దలారా, గ్రామసభ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. మీటరు లెక్కలూ పంచాయతీ నెట్టూ ఒకే ఫైబర్ మీద నడవాలనీ, తెగితే అతికే మనిషి ఆ ఊరివాడే కావాలనీ తీర్మానం రాయించండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్‌కు వాళ్లతో పాటు మనమూ నడుద్దాం.