క్షయకు ఆరోగ్యవరం, సవాయికి చాటుమాటు

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో తెరుచుకుంది. దాని కోసం వేర్వేరు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఆ సంస్థను నిలబెట్టారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ రోజుల్లోనే జనాన్ని తినేసిన మరో జబ్బు ఉంది. వైద్యులు సిఫిలిస్ అనే దాన్ని ఊళ్లో సవాయి అన్నారు, కొరుకు అన్నారు. నలుగురిలో ఉన్నప్పుడు సుఖరోగం అన్నారు. దాని కోసం మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటిలో ఎక్కడా ఆరోగ్యవరం లాంటిది వెలవలేదు.

శాస్త్రం చేతులెత్తేసిందా అంటే, లేదు. సవాయి క్రిమిని 1905లో జర్మనీలో పట్టుకున్నారు. మరుసటి ఏడాదే వాసర్మన్ రక్తపరీక్ష వచ్చింది. 1910లో పాల్ ఎర్లిక్ ‘606’ మందు, సాల్వర్సాన్, బజారులోకి దిగింది. అంతకుముందు ఆసుపత్రిలోనైనా వైద్యుడి ఇంట్లోనైనా పాదరసమే దిక్కు. నోరు పొక్కి, చొంగ కారి, పళ్లు కదిలిపోయేదాకా రసం మందు మింగించేవారు. దానితో పోలిస్తే సాల్వర్సాన్ అద్భుతమే. కానీ అందులో ఉన్నది పాషాణం. జాగ్రత్తగా కలిపి నరానికి ఎక్కించాలి. తర్వాతి దశాబ్దాల్లో స్థిరపడిన పద్ధతిలో ఏడాదికి పైగా వారం వారం సూదులు పడాలి. వాసర్మన్ పరీక్షకు గొర్రె రక్తకణాలు, గినీపందుల సీరం కావాలి కాబట్టి అది మద్రాసు వంటి నగరాల పని. పైగా ఈ జబ్బు మాయలమారిది. మొదటి పుండు ఏ మందూ వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానుతుంది. రోగి పీడ వదిలిందనుకుంటాడు. క్రిమి ఒంట్లోనే కాపురం పెట్టి, ఏళ్ల తర్వాత గుండె, మెదడు మీద పడుతుంది. కూలి మానుకుని ఏడాది పొడవునా సూదికి రమ్మంటే అలాంటివాడు వస్తాడా?

సర్కారు దృష్టి మాత్రం మొదటి నుంచీ సిపాయిల మీదే. 1868 నాటి భారత అంటువ్యాధుల చట్టం వేశ్యల పేర్లు రాసుకుని, ఒళ్లు పరీక్షించి, జబ్బుంటే లాక్ ఆసుపత్రిలో పెట్టేది. బళ్లారి, సికింద్రాబాద్, బెంగళూరు వంటి దండు ఊళ్లలో ఈ ఆసుపత్రులు నడిచాయి. జబ్బు తెచ్చే సిపాయి పేరు ఎవరూ రాసుకోలేదు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటి మహిళలు పోరాడాక 1888లో ఆ చట్టం పోయింది. చట్టం ఉన్నా ఊడినా తగ్గింది లేదు. 1895లో దేశంలోని బ్రిటిష్ సైనికుల్లో సవాయి వంటి సుఖరోగాలతో ఆసుపత్రి పాలైన కేసులు వెయ్యి మందికి అయిదు వందలు దాటాయి. ఆ లెక్క కూడా మనకు తెలిసింది వాళ్లు సైనికులు కాబట్టే. పక్క పల్లెలో గర్భం నిలవని కోడలి లెక్క ఎవరు రాశారు?

ఆ దండు ఊళ్లలో బెంగళూరుకు మన మూడు ఊళ్లూ దూరమేమీ కాదు. జోలార్‌పేట నుంచి బెంగళూరు దండుకు 1864లోనే నడిచిన రైలు దారి మీద ఉంది కుప్పం. కొంత దూరంలో కోలారు బంగారు గనులు, వాటిలో తెలుగు, తమిళ కూలీల బారకాసులు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి నెలల తరబడి బయట బతికే మగవాళ్లున్న చోట ఈ జబ్బులు లోకమంతటా పెరిగినవే. ఆడవాళ్లకు కాస్త తెరచాటు దొరికింది ఆర్కాట్ మిషన్ మదనపల్లెలో నడిపిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వంటి చోట్లే. ఆడ డాక్టరు ఉంటేనే గడప తొక్కే కాలమది.

బ్రిటన్ 1916లో దారి మార్చింది. స్థానిక సంస్థలు ఉచితంగా, గుట్టుగా చికిత్స చేయాలని, ఖర్చులో 75 శాతం ప్రభుత్వం భరిస్తుందని నిబంధనలు తెచ్చింది. మరుసటి ఏడాది నాటు వైద్యులు ఈ జబ్బుల జోలికి వెళ్లకుండా చట్టం చేసింది. తన గడ్డ మీద ఇంత తెలివిగా నడిచిన పాలకులు ఇక్కడ దండు దాటి బయటికి రాలేదు. స్థానిక సంస్థలు ఈ జబ్బులకు ఉచిత పరీక్ష, చికిత్స ఏర్పాటు చేసేలా వీలు కల్పించిన మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో గానీ రాలేదు. చట్టం వచ్చినా, ఈ జబ్బులకు ప్రత్యేక వైద్యమంటే చాలాకాలం మద్రాసు జనరల్ ఆసుపత్రే, డాక్టర్ ఆర్.వి. రాజం పెంచిన విభాగమే.

ఆ ఖాళీని ప్రకటనలు నింపాయి. ‘గుప్త రోగాలు’ పోస్టులో నయం చేస్తామన్న వ్యాపారం ఎంత ముదిరిందంటే, 1954లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఈ జబ్బుల మందుల ప్రకటనలను నిషేధించాల్సి వచ్చింది. బస్టాండు మూత్రశాల గోడలు ఆ చట్టం సంగతి ఇంకా విన్నట్టు లేవు. నెలకోసారి లాడ్జీలో గది తీసుకుని కూర్చునే ‘స్పెషలిస్టు’లకూ గిరాకీ తగ్గలేదు.

1943లో పెన్సిలిన్ సవాయిని లొంగదీసింది. ఇవాళ తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్కసారి ఇస్తే చాలు. నాటి ఏడాది సూదుల పని ఒక్క పూటలో అయిపోతుంది. అయినా చాటుమాటు పోలేదని ఎయిడ్స్ చూపించింది. 2021 అంచనాల్లో హెచ్ఐవీతో ఉన్న పెద్దలు దేశంలో 0.21 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. గర్భిణులందరికీ హెచ్ఐవీ, సవాయి పరీక్షలు చేయాలన్న నియమం ఉంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నాయి. కానీ పరీక్ష గదికి వచ్చేది భార్య ఒక్కతే. ఆమెకు సూది వేసి పంపితే, భర్త నుంచి జబ్బు మళ్లీ ఆమెకే చేరుతుంది. 1868లో ఆడవాళ్లను మాత్రమే పరీక్షించిన తప్పుకు ఇది మెత్తటి రూపం. కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైలెక్కే కూలీల, ఉద్యోగుల వేళలకు తగ్గట్టు ఈ క్లినిక్‌లు సాయంత్రాలూ ఆదివారాలూ తెరవాలి. గర్భిణి చీటీ రాసిన రోజే భర్తకూ పరీక్ష చీటీ రాయాలి. ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు, జిల్లా వైద్యాధికారి ఉత్తర్వు చాలు.