పసుపుకు సాక్ష్యం దొరికింది, గాయపాకు సంగతేమిటి?

నోయిడా: తెగిన వేలికి పసుపు అద్దడం తెలుగు ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పని వైద్యం. గాయాలు మాన్పడానికి పసుపును వాడే ఆ పద్ధతిపైనే 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి హక్కు ఇచ్చింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో సవాలు చేయగా, 1997 ఆగస్టులో ఆ హక్కు తిరస్కరణకు గురైంది. అయితే కోట్లాది గృహిణుల అనుభవం ఆ విజయాన్ని సాధించలేదు. విదేశాల్లోని వాడుకను నాటి అమెరికా చట్టం సాక్ష్యంగా అంగీకరించేది కాదు. అచ్చయిన ఆధారమే కావాలి. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రిక వ్యాసం పసుపును కాపాడాయి.

ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయానికి శ్రీకారం చుట్టారు. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను ఐదు అంతర్జాతీయ భాషల్లో పేటెంటు పరిశీలకుల ముందుంచే ఈ ఏర్పాటు ఎంతో మేలు చేసింది. కానీ దాని పునాది గ్రంథమే.

పొలంగట్లపై పెరిగే గడ్డి చేమంతి సంగతి వేరు. కొన్నిచోట్ల దీన్ని గాయపాకు అంటారు. కొడవలి తెగితే కూలీలు ఆకు నలిపి రసం పిండుతారు. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క చరక, సుశ్రుతులకు తెలిసే అవకాశం లేదు. దీని గుణాన్ని కనిపెట్టినవారు మన పల్లె జనమే. జంతువులపై ప్రయోగాలు కొంత ఆశాజనకంగానే ఉన్నా, మనుషులపై విస్తృత పరీక్షలు జరగవలసి ఉంది. లోతైన గాయాలకు, మధుమేహ రోగుల పుండ్లకు ఆసుపత్రే శరణ్యం. ధనుర్వాతాన్ని ఏ ఆకురసమూ ఆపలేదు.

చట్టం చూపూ గ్రంథం వైపే. నోయిడా పొరుగున ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ ఆయుర్వేద ఔషధాల ప్రమాణాలను నిర్ణయిస్తుంది. ఆ ఔషధాలకు 1940 నాటి చట్టం గుర్తించిన గ్రంథాలే ఆధారం. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ, గ్రంథస్థ విజ్ఞానాన్ని వాడుకునేవారికి ప్రయోజనాల పంపిణీ నుంచి మినహాయింపునిచ్చింది. కనుక మౌఖిక విజ్ఞానానికి పంపిణీ హక్కు మిగిలే ఉంది. కానీ హక్కుదారు ఎవరో తేల్చేదెలా?

స్థానిక కమిటీలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లే ఇందుకు దారి. మొక్కల పేర్ల జాబితాతో సరిపెట్టకుండా, ఏ ఊరిలో, ఎవరు, దేనికి, ఎలా వాడుతున్నారో తేదీతో సహా నమోదు చేయాలి. ఆ వివరాలను బహిరంగపరచే ముందు చెప్పినవారి సమ్మతి తీసుకోవాలి. 2024 మే 24న జెనీవాలో ఆమోదించిన ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఒప్పందం ప్రకారం, సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా పేటెంటు కోరేవారు దాన్ని అందించిన సముదాయం పేరు వెల్లడించాలి. రిజిస్టరులో గాయపాకు వాడుక నమోదై ఉంటేనే ఆ పేరును సరిచూడటం వీలవుతుంది.