మెకానిక్ షెడ్డులో చేరతావా?



32 సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పినవాడు మోటారుబండి మరమ్మతును గురించి టపా వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చును. నాకూ వింతగానే ఉన్నది. కాని ఈ వ్యవహారంలో నేనొక అభిప్రాయాన్ని మార్చుకొన్నాను. ఉన్న అభిప్రాయాన్ని ఇన్నాళ్ళూ నలుగురిలో చాటినవాడు, అది మారినప్పుడు కూడ నలుగురిలోనే చెప్పవలెననేది నా నియమం.

2019 జనవరిలో నేనూ నా శ్రీమతీ మిషిగన్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట ఉన్నాము. వాడికొక పాత పికప్ ట్రక్కు ఉన్నది. 1998 నాటిది. వెనుక తొట్టి, ముందు కూర్చొనే గది. మన ఊళ్ళలో తిరిగే ట్రాలీ ఆటోకు పెదతండ్రి వంటిది. ఆ బండి ఎక్కినప్పుడల్లా బెల్లపు పాకం వంటి తీపి వాసన వచ్చేది. ముందరి అద్దానికి లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టేది. తుడిస్తే క్షణంలో మళ్ళీ కమ్మేది. నా కాళ్ళక్రింది పట్టా తడిసి ఉండేది. నా బూట్లకు అంటిన మంచు కరిగినదని అనుకొన్నాను. మా వాడు వంగి ఆ తడిని వ్రేలితో తాకి, వాసన చూచి, "హీటర్ కోర్ కారుతోంది నాన్నగారూ" అన్నాడు.

కోస్తా జిల్లాలవారికి ఈ వస్తువుతో పరిచయం ఉండదు. మనకు వేడి కొనితెచ్చుకోవలసిన పని లేదు గదా! ఇంజను మండేటప్పుడు పుట్టే వేడిని మోసుకొనిపోవడానికి దాని చుట్టూ కూలెంట్ అనే ద్రవం తిరుగుతూ ఉంటుంది. అది సుమారు 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అందులో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల ద్వారా, ఇంజనుకూ మనం కూర్చొనే గదికీ నడుమనున్న గోడను దాటి, డ్యాష్‌బోర్డు లోపల దాగిన ఒక చిన్న రేడియేటరులోనికి వస్తుంది. పంకా దాని సందులగుండా గాలిని తోస్తే వెచ్చనిగాలి మనమీదికి వస్తుంది. అద్దంమీది మంచును కరిగించేది, ఆవిరిని విడగొట్టేది కూడ ఆ గాలియే. కనుక ఆ దేశపు చలికాలంలో అది భోగవస్తువు కాదు. అది లేకపోతే నడిపేవానికి దారి కనిపించదు.

నేను అలవాటుకొద్దీ దానికి 'ఉష్ణగర్భము' అని నామకరణం చేశాను. మా శ్రీమతి, "సన్న గొట్టాలూ రేకులూ ఉండి నడుమనుండి గాలి పోయేదైతే వేడిజల్లెడ అనరాదా?" అన్నది. నా సమాసం అక్కడికక్కడే ఓడిపోయినది. ఇకమీద నేనూ వేడిజల్లెడ అనియే వ్రాస్తాను.

అక్కడి ఒక మరమ్మతు దుకాణంలో విచారిస్తే మొత్తం 1,100 డాలర్లు దాటుతుందన్నారు. అందులో వేడిజల్లెడ ఖరీదు 60 డాలర్లు మాత్రమే. మిగిలినదంతా దానిని చేరుకొనడానికయ్యే కూలి. నేను వెంటనే సలహాదారుడనైతిని. కారుడు ఆపే మందు కూలెంటులో పోసి చూడమన్నాను. అది కారే రంధ్రాన్నే గాక బాగున్న సన్నని దారులను కూడ పూడ్చివేయగలదన్నాడు. ఆ రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపివేసి వేడిజల్లెడను తప్పించమన్నాను. వేసవిలోనైతే అలా చేయవచ్చును, జనవరిలో అద్దం ఎట్లా కనబడుతుందన్నాడు. అయితే బండిని అమ్మివేయమన్నాను. "నేనే విప్పి మారుస్తాను" అన్నాడు.

అప్పుడు నా నోటినుండి అలవాటైన వాక్యం వెలువడినది. "ఇంత చదువు చదివి మెకానిక్ షెడ్డులో చేరతావా?"

వాడు నొచ్చుకొనలేదు. "ఈ మాట నేను ఎనిమిదో తరగతిలోనే విన్నాను నాన్నగారూ. నన్ను కాదు, నా ప్రక్కన కూర్చున్నవాణ్ణి అన్నారు. వాడు ఆ వేసవిలోనే ఆటోనగర్ వెళ్ళిపోయాడు" అన్నాడు.

మా వాడు ఆ సంవత్సరం నా తరగతిలోనే చదివినాడు. ఆ ప్రక్క పిల్లవాని ముఖం నాకు జ్ఞాపకమున్నది. సంధులు ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. బడిగంట కొక్కెం ఊడిపోతే బిగించినది మాత్రం వాడే.

శని, ఆదివారాలు రెండూ పట్టినవి. నా పని టార్చిలైటు పట్టుకొనడం. ఏ.సి. వాయువును గాలిలోకి వదలడం అక్కడ చట్టవిరుద్ధం గనుక, ముందే ఒక దుకాణంలో దానిని యంత్రంతో తీయించుకొని వచ్చినాడు. మొదట బ్యాటరీ తీగ విప్పినాడు. ఎయిర్‌బ్యాగు పొరపాటున విచ్చుకొంటే మనిషికి గాయం చేస్తుందట. అందుచేత కొంతసేపు ఊరకే కూర్చుండి, ఆ తరువాతనే పసుపుపచ్చని తొడుగుల జోలికి పోయినాడు. చల్లారిన ఇంజను నుండి కూలెంటును పళ్ళెంలోనికి దించి మూతపెట్టినాడు. కుక్కలూ పిల్లులూ నాకుతాయనీ, అది వాటి ప్రాణం తీస్తుందనీ చెప్పినాడు.

పిమ్మట డ్యాష్‌బోర్డు. ఎన్ని మరలో! మా శ్రీమతి ఇడ్లీ రేకులు తెచ్చి ఇచ్చినది. ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క అంకె అంటించి, ఎక్కడి మరను అక్కడే ఉంచినాడు. విప్పిన ప్రతిచోటునూ ఫోనుతో ఫొటో తీసుకొన్నాడు. సాయంత్రానికి ఆ వేడిజల్లెడ బయటపడినది. చేతిలో ఇమిడేటంత వస్తువు. అతుకు వెంబడి పచ్చగా, తెల్లగా చిలుము పట్టి ఉన్నది.

మరునాడు క్రొత్తదానిని పెట్టి, గాలి ప్రక్కలనుండి జారిపోకుండా అంచులకు నురగపట్టీ అంటించి, విప్పిన క్రమానికి సరిగా వ్యతిక్రమంలో బిగిస్తూ వచ్చినాడు. రాత్రి తొమ్మిదైనది. అన్నీ అయిన తరువాత ఒక్క మర మిగిలినది. "ఒక్కటే గదా, వదిలేయరా" అన్నాను.

"ప్రతిపదార్థంలో ఒక్క పదం వదిలేస్తే మీరు మార్కు వేసేవారా?" అన్నాడు వాడు.

నేను మాట్లాడలేదు. పద్యాన్ని పదవిభాగం చేసి, అన్వయక్రమంలో కూర్చినప్పుడు ఒక్క పదం మిగిలిపోయినదంటే, ఆ పదం అనవసరమని కాదు, మనకు అర్థం కాలేదని. ఈ సంగతి నేను ఎన్ని తరగతులకు చెప్పినానో! వాడు మళ్ళీ చేతిపెట్టెను ఊడదీసి, దాని వెనుక ఆ మర చోటును వెదకి బిగించినాడు. తరువాత సగం నీరు, సగం కూలెంటు కలిపి పోసి, హీటరును పూర్తిగా తిప్పి, గొట్టాలలో చిక్కిన గాలి గుడగుడలాడుతూ పోయేవరకు ఇంజను నడిపినాడు. వెచ్చనిగాలి వచ్చినది. వాసన లేదు. ఆ నెలాఖరున ధ్రువపు చలి దిగివచ్చి ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పడిపోయినప్పుడు, మా శ్రీమతిని వైద్యుని వద్దకు తీసుకొనిపోయినది ఆ బండిలోనే.

ఇక నా అభిప్రాయాలు రెండు.

మొదటిది బండి చేసేవారిని గురించి. కర్మాగారంలో ఆ పెట్టెను ముందు బిగించి, దానిమీద డ్యాష్‌బోర్డును కూర్చడం తేలిక. కాని 20 సంవత్సరాల తరువాత దానిని విప్పబోయేవాని ముఖం వారు ఊహించుకొనలేదు. ఎయిర్‌బ్యాగులూ ఏ.సి.యూ వచ్చిన తరువాత చోటు ఇరుకైనదన్నమాట నిజమే. అయినా చేతిపెట్టె తీస్తే చాలు, వేడిజల్లెడ చేతికందే బండ్లు కూడ ఆ దశాబ్దంలోనే ఉన్నవట. అనగా అది అసాధ్యం కాదు. 60 డాలర్ల వస్తువుకోసం నడిచే బండిని తుక్కుకు పంపవలసి రావడం, ఆ వస్తువు దోషం కాదు, దానిని దాచిన పద్ధతి దోషం.

రెండవది మాబోటి ఉపాధ్యాయులను గురించి. "చదవకపోతే మెకానిక్ షెడ్డే గతి" అని మేము బెదిరించినది పిల్లల మేలుకోరియే. పదమూడేళ్ళ పిల్లవాడు గ్రీజులో కాదు, బడిలో ఉండవలెననే మాటను నేను ఈనాటికీ వదులుకొనను. కాని ఆ బెదిరింపులో మేము చేసిన పని వేరు. ఒక విద్యను శిక్షగా చూపినాము. క్రమం, జ్ఞాపకం, ఓర్పు, ఒక్కటి మిగిలినా ఒప్పుకొనని నిష్ఠ, వీటినే నేను పాండిత్యమని చెప్పుకొన్నాను. అవి స్పానరు పట్టిన చేతిలో ఉన్నప్పుడు గుర్తించలేకపోయినాను. ఒకవేళ ఆ పిల్లవాని కొక్కెం పనికి నేను తరగతిలో ఒక్క మంచిమాట అని ఉంటే, వాడు సంధులు నేర్చేవాడో లేదో గాని, ఇంకొన్నాళ్ళు బడిలో ఉండేవాడేమో.

స్వదేశానికి వచ్చిన తరువాత రెండుసార్లు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళినాను. చాలా పెద్ద చోటు. వరుసలు వరుసలుగా షెడ్లు. పేరు చెప్పి అడిగితే, "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు మాస్టారూ, ఏ పని చేస్తాడు?" అన్నారు. ఆ ప్రశ్నకు నావద్ద సమాధానం లేకపోయినది. మళ్ళీ వెళ్ళవలెను.

మీలో బోధనవృత్తిలో ఉన్నవారు ఈ విషయమై ఏమంటారో నిస్సంకోచంగా తెలుపగోరుతాను. విభేదించినా సంతోషమే.

స్వస్తి.